బొంత కప్పుకున్న ట్రాక్టరు

ఆ కాలంలో మాకు వస్తువును వాడుకోవడం కంటే దాచిపెట్టుకోవడమే బాగా తెలుసు. ఒక సబ్బు తెస్తే మూడు ముక్కలు కోసి రెండు ముక్కలు డబ్బాలో వేసేవాళ్లం. కొత్త చీర పెట్టె అడుగున ఉందనుకుంటే చాలు, కట్టుకున్నంత తృప్తి. పొరుగింట్లో పొయ్యి మండుతుంటే మన అగ్గిపుల్ల గీయడం ఎందుకని నిప్పు అడిగి తెచ్చుకునేవాళ్లం. ఇవన్నీ చెబితే మా ఇంట్లో పిల్లలు "జేజీ, పిసినారితనానికి కూడా కథలు అల్లుతావే" అని నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు పిసినారి అనేదాన్ని నేను జాగ్రత్త అంటాను. నేను చదివింది మూడో తరగతి, అదీ సగమే (మిగతా సగం ఎనుములు కాయడానికి పోయింది). ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాకు పదిహేను రోజులు పట్టింది, కాగితానికి రెండు పక్కలా రాసినాను, అంచులు కూడా వదల్లేదు. అంత జాగ్రత్త మనిషిని. ఆ జాగ్రత్త ఒకసారి ఒక మంచి మనిషి ఉద్యోగాన్ని ఊడగొట్టబోయింది. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

తొంభైలు ఇంకా రాలేదు. కడప జిల్లాలో మా పక్క వరుసగా రెండేళ్లు శెనక్కాయ ఎండిపోతే, నా కొడుకును మా అక్క దగ్గర వదిలి నేను ఒమాన్ పోయినాను. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. ఒమాన్ అంటే అంతా ఇసుకే అనుకుని పోయినదాన్ని, బహ్లా చూసి నోరు తెరిచినాను. మట్టి గోడల మధ్య ఖర్జూరం తోటలు, వాటి నడుమ సన్నని నీళ్ల కాలువ, కాలువ పొడుగునా గోధుమ మళ్లు. నేను పనికి కుదిరిన ఇంటి యజమానిని బాబా అని పిలవాల, ఆయన తల్లిని మామా అని పిలవాల. (బాబా నాకంటే పదేళ్లే పెద్ద. అయినా అక్కడ పని చేయించుకునే మగవాడు బాబానే.) బాబా హిందీ మాట్లాడేవాడు, కాబట్టి నా అరకొర హిందీతో నెట్టుకొచ్చేదాన్ని. మామాకు అరబ్బీ తప్ప వేరే మాట రాదు. ఆమె చెయ్యి ఊపుతుంది, నేను తల ఊపుతాను, అట్లా సంసారం జరిగేది.

ఆ తోటలో నేను కాక ఇంకొక తెలుగు మనిషి ఉండేవాడు. జగిత్యాల పక్క. ట్రాక్టరు నడిపేవాడు, అన్నా అని పిలిచేదాన్ని. ఆ ట్రాక్టరు ఒకప్పుడు ఎర్రగా ఉండేదంట, నేను పోయేసరికి వెలిసి నిరుడటి ఎండుమిరపకాయ రంగుకు వచ్చింది. అన్న దానితో తెలుగులోనే మాట్లాడేవాడు. గట్టు ఎక్కేటప్పుడు అది మూలిగితే "ఏందిరా బిడ్డా, గింత ఎత్తుకే దమ్మొస్తాందా? నడు నడు, ఇంటికి పోయి నీళ్లు తాగుదువు గాని" అని బుజ్జగించేవాడు. నేను వంటింట్లోంచి విని "అన్నా, దానికి జవాబు కూడా వస్తాదా?" అంటే, "నీకంటె మంచిగ మాట్లాడుతది చెల్లె, నీ లెక్క కస్సుమనది" అనేవాడు. అదీ నిజమే. నేను అప్పటికే కస్సుమనే మనిషిని.

ఇక అసలు కష్టం. అక్కడ చలి మొదలయ్యే ముందు దున్ని గోధుమ చల్లుతారు. చల్లినాక మార్చిలో కోత దాకా ట్రాక్టరుకు పనే ఉండదు. కోతలప్పుడు మాత్రం అది లేకపోతే గడవదు, నూర్చే మిషను దాని బలంతోనే తిరుగుతుంది. అంతకు ముందు చలికాలం దాన్ని ఊరికే చెట్టు కింద వదిలేసినారంట. కోతల నాటికి స్టార్టు కాలేదు. మస్కట్ నుంచి మెకానిక్ వచ్చేలోపల వాన పడి సగం పైరు నేలపాలు. అందుకని ఈసారి బాబా అన్నకు తెగేసి చెప్పినాడు. "నువ్వు సెలవు నుంచి వచ్చిన రోజు ఇది స్టార్టు కావాల. కాకపోతే ట్రాక్టరు అమ్మేస్తా. ట్రాక్టరు లేనప్పుడు డ్రైవరు ఎందుకు? ఖల్లాస్." ఖల్లాస్ అంటే అయిపోయింది అని. ఆ దేశంలో ఆ మాట ఒకటి తెలిస్తే చాలు, మిగతా అరబ్బీ అంతా అర్థమైపోతుంది.

అన్న డిసెంబరులో రెండు నెలలు సెలవు మీద పోవాల. ఊర్లో కూతురు పుట్టి ఏడాదిన్నర, ఇంకా ముఖం చూడలేదు. ట్రాక్టరును తనే కడిగి, సర్ది, షెడ్డులో పెట్టి పోదామని అనుకున్నాడు. కానీ టిక్కెట్టు నాలుగు రోజులు ముందుకు జరిగింది. అప్పటికి ట్రాక్టరు ఇంకా ఖర్జూరం చెట్లకు పేడ తోలుతోంది. మస్కట్ పక్క రూవికి పోయే టాక్సీ బయట హారను కొడుతుంటే అన్న వంటింటి గడప దగ్గరికి పరిగెత్తుకొచ్చి, గ్రీసు మరకల చెయ్యి చాపి వేళ్లు ముడవడం మొదలుపెట్టినాడు.

"ఇటు సూడు చెల్లె. చిటికెన వేలు, మట్టి కడిగి ఇనుము కనబడ్డకాడల్ల ఆయిల్ రుద్దాలె. ఉంగరం వేలు, బ్యాటరీ ఇప్పి చెక్క మీద పెట్టాలె, నేల మీద కాదు. నడిమి వేలు, పొగగొట్టం మీద డబ్బా బోర్లించాలె, లేకుంటె పిట్టలు గూడు పెడ్తయ్. సూపుడు వేలు, టైర్ల కింద పలకలు. బొటనవేలు, ట్యాంకి. మెడ దాక డీజిల్ నింపాలె. గిదే అన్నిటికంటె పెద్దది. యాదుంటదా?"

"ఐదు వేళ్లు నాకూ ఉండాయిలేన్నా. పో, టాక్సీ పోతాది."

"బొటనవేలు మర్శిపోకు."

"పోన్నా, బిడ్డను చూసుకో పో."

ఎందుకు నింపాలో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ రోజుల్లో ఎందుకు అని అడగడం నాకు చేతనయ్యేది కాదు. నాకు తెలియనిది ఇంకొకరికి తెలుసని ఒప్పుకున్నట్టు అవుతుంది కదా.

నాలుగు రోజులకు బాబా ట్రాక్టరును షెడ్డులోకి తోలి, బ్యాటరీ విప్పి ఇచ్చి, టైర్ల కింద పలకలు వేసి, ఇరవై లీటర్ల డీజిల్ క్యాన్లు రెండు దించి, తన పని తాను చూసుకోను పోయినాడు. మిగతాదంతా నా రాజ్యం. పొద్దంతా కాలువ నీళ్లు మోసి కడిగినాను. మడతల్లో, సందుల్లో పాత నార పెట్టి తోమినాను, మా ఇంట్లో ఇత్తడి బిందె కూడా అంత తోముడు ఎరగదు. ఆయిలు గుడ్డతో అద్ది అద్ది రుద్దినాను, ఒక్క చుక్క కింద పడనివ్వలేదు. బ్యాటరీని చెక్క మీద పెట్టి, పొగగొట్టం మీద ఖాళీ పాలపొడి డబ్బా బోర్లించినాను. నాలుగు వేళ్లు ముడిచినాను. బొటనవేలు దగ్గరికి వచ్చి ఆగినాను.

నిండా నలభై లీటర్లు. మూడు నెలలు అడుగు కదలని బండికి! మా నాయన శెనక్కాయ పని అయిపోయిన మర్నాడే ఎద్దులకు గానుగ చెక్క పెట్టడం ఆపేసేవాడు. పనిలేని ఎద్దుకు సొప్ప చాలు, మళ్లీ కాడి ఎత్తుకునే నెలకు పెడదాం అనేవాడు. ఆ లెక్కలో పెరిగిన దాన్ని నేను. ఈ అన్న వాళ్ల పక్క గోదావరి పారుతుంది, కాబట్టి వాళ్లకు పోయడమే తెలుసు, దాచడం తెలియదు అనుకున్నాను. ట్యాంకిలో అడుగున కొంచెం ఉంది, పడుకున్న బండికి అది చాలు. క్యాన్లు రెండూ భద్రంగా నా రూములో మంచం కింద పెట్టుకున్నాను. అన్న వచ్చినాక "చూడన్నా, నీ డీజిల్ చుక్క పోకుండా కాపాడినాను" అని చూపించి మెప్పు పొందుదామని నా ఆశ. (ఒక క్యాను మూత సరిగా బిగవలేదు. రెండు నెలలు నా బట్టలు, నా తల, నా దుప్పటి అన్నీ డీజిల్ వాసనే. మామా నన్ను ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం సాంబ్రాణి నిప్పులు తెచ్చి నా చుట్టూ మూడుసార్లు తిప్పి పోయేది. అది వాళ్ల మర్యాద అనుకుని నేను గర్వపడేదాన్ని.)

డీజిల్ పోయలేదు గానీ, ప్రేమకు లోటు చేయలేదు. బహ్లాలో చలికాలం రాత్రిళ్లు పళ్లు కొట్టుకునేంత చలి. అది చూసి, బియ్యం సంచులు విప్పి, పైన నా పాత చీరలు రెండు వేసి, ట్రాక్టరు ముందు భాగానికంతా సరిపోయే బొంత కుట్టినాను. పసుప్పచ్చ పూల చీర సరిగ్గా దాని ముక్కు మీదికి వచ్చింది. బాబా చూసి, "ఏంటిది, ట్రాక్టరుకు పెళ్లా?" అని హిందీలో అడిగినాడు. పెళ్లి కాదు, చలి అన్నాను. ఆయన పగలబడి నవ్వి, తల్లిని పిలుచుకొచ్చి చూపించినాడు. మామా మాత్రం నవ్వలేదు. బొంత అంచు పట్టుకుని కుట్టు చూసి, బాగుందన్నట్టు తల ఊపింది. ఆ ముసలామె కూడా నా జాతే, ఖర్జూరం గింజలు కూడా పారేయకుండా మేకలకు దాచేది. ఒక్క తిండి దగ్గర మాత్రం దాచడం తెలియదు.

అన్న పోయినాక ఆ ఇంట్లో తెలుగు అర్థమయ్యేది ట్రాక్టరుకు ఒక్కదానికే. పప్పు చేటలో పోసుకుని షెడ్డులోకి పోయి, దాని పెద్ద టైరుకు ఆనుకుని కూర్చుని రాళ్లు ఏరేదాన్ని. మొదట్లో ఊరికే కూర్చునేదాన్ని. తర్వాత ఒకటి రెండు మాటలు. సంక్రాంతి దాటేసరికి నా కొడుకు జలుబు సంగతి, మా అక్క జాబు రాయని సంగతి, అన్నీ దానికే చెప్పేదాన్ని. మనుషుల ముందు నేను ఏడ్చే రకం కాదు. ట్రాక్టరు మనిషి కాదు కదా. వారానికొకసారి ట్యాంకి మూత తీసి తొంగి చూసి, ఉన్నది ఉన్నట్టే ఉందని మురిసి, మళ్లీ మూత పెట్టేదాన్ని.

ఇంకొక సంగతి కూడా చెప్పాల, లేకపోతే తర్వాతది అర్థం కాదు. తోటలో పని తగ్గింది కాబట్టి నా తిండి కూడా తగ్గించుకున్నాను. పగలు ఒక పూట, రాత్రి టీ, ఒక రొట్టె. ఎవరూ తగ్గించమనలేదు. పని సగం చేస్తూ తిండి నిండుగా తింటే నాకే గొంతు దిగేది కాదు. మామా గిన్నెలో అన్నం, మాంసం, నెయ్యి పెట్టి నా ముందుకు తోసి "కులి, కులి" అనేది, తిను తిను అని. నేను వద్దని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. ఆమె తన పొట్ట మీద తట్టి, చలికి వణికినట్టు భుజాలు ఊపి, ఏదో పెద్ద అరబ్బీ మాట చెప్పేది. ముసలామెకు చలి వేస్తోందేమో అనుకుని నేను లేచిపోయి ఆమెకు శాలువా తెచ్చి కప్పేదాన్ని. ఆమె నెత్తి కొట్టుకునేది.

ఫిబ్రవరి ఆఖర్లో అన్న వచ్చినాడు. వాళ్లమ్మ చేసిన సకినాలు డబ్బా నాకోసం, చొక్కా జేబులో బిడ్డ ఫోటో. ఫోటో బాబాకు చూపించినాడు, మామాకు చూపించినాడు, నాకు మూడుసార్లు చూపించినాడు. "నన్ను సూసి ముందు ఏడ్శింది చెల్లె. వచ్చే రోజు సంక దిగలే" అన్నాడు. మర్నాడు బ్యాటరీకి చార్జింగు పెట్టించుకుని వచ్చినాడు. తర్వాతి రోజు పొద్దున్నే అందరం షెడ్డు దగ్గర చేరినాం. మామా కాఫీ కూజా, ఖర్జూరాల పళ్లెం కూడా తెచ్చింది, శుభకార్యానికి వచ్చినట్టు. అన్న బొంత చూసి "వారెవ్వ, నా బిడ్డకు చీర కట్టినవా" అని మెల్లగా విప్పి మడత పెట్టినాడు, డబ్బా తీసినాడు, ఎక్కి తాళం తిప్పినాడు.

గర్ గర్ గర్ అంది. తెల్ల పొగ ఒక్క ముద్ద ఊసింది. ఆగిపోయింది. మళ్లీ తిప్పినాడు. దగ్గింది. మళ్లీ. ఏడోసారికి బ్యాటరీ గొంతు కూడా పూడుకుపోయింది. బాబా ముఖంలో నవ్వు పోయింది. చేతిలోని కాఫీ గిన్నె కింద పెట్టేసినాడు. "పోయినేడు ఇదే. ఈ ఏడు ఇదే. వారంలో కోత. ఖల్లాస్" అన్నాడు.

అన్న దిగి, ఫిల్టరు కింద గాజు గిన్నె విప్పినాడు. అందులో డీజిల్ కింద తేటగా నీళ్లు నిలబడి ఉన్నాయి. ఆయన వాటిని చూసినాడు. ట్యాంకి మూత తీసి చూసినాడు. తర్వాత నన్ను చూసినాడు. తన చెయ్యి చాపి, చిటికెన వేలు నుంచి ఒక్కొక్కటే ముడుచుకుంటూ వచ్చి, బొటనవేలు దగ్గర ఆపినాడు. నేను తల దించుకున్నాను.

"పగలు ఎండ, రాత్రి చలి చెల్లె" అన్నాడు నిదానంగా. కోపం లేదు గొంతులో, ఉంటే బాగుండేది. "ట్యాంకిల ఖాళీ ఉంటె ఆ ఖాళీలకు చలి దూరుతది. లోపల చెమట పడుతది. గా చెమటనే గిన్ని నీళ్లయినయి. గందుకే మెడ దాక నింపమన్న."

అది నాకు అర్థమయ్యేలోపలే ఆయన బాబా వైపు తిరిగి, హిందీలో, తప్పు నాదే, తొందరలో ట్యాంకి సంగతి చెప్పడం మరిచిపోయినాను అన్నాడు. బాబా "అయితే సంచి సర్దుకో" అన్నాడు.

నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. తప్పు ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాలేదు, ఇరవై ఆరేళ్లలో ఎవరూ నేర్పలేదు. కానీ అన్న చొక్కా జేబులోంచి ఆ బిడ్డ ఫోటో మూల ఒకటి బయటికి కనబడుతోంది. నేను రూముకు పరిగెత్తినాను. మంచం కింద నుంచి రెండు క్యాన్లు ఈడ్చుకుంటూ వచ్చి బాబా కాళ్ల ముందు దభీమని పడేసినాను. హిందీ గుర్తు రాలేదు. నాకొచ్చిన అరబ్బీ అంతా కూడగట్టి, ట్రాక్టరు వైపు చెయ్యి చూపి, "మాఫీ షుగల్! లేష్ అకల్?" అని అరిచినాను. పని లేదు, తిండి ఎందుకు అని.

అప్పుడు మామా కదిలింది. నా దగ్గరికి వచ్చి, నా ముంజేయి పట్టుకుని, రెండు వేళ్లతో చుట్టూ కొలిచి చూసింది. కొడుకుతో ఏదో చెప్పింది. బాబా ముఖం వింతగా మారింది. ఆయన అన్నకు, నాకు హిందీలో చెప్పినాడు. "మా అమ్మ ఏమంటోందంటే, చలికాలమంతా ఈమె తినకపోవడం కూడా ఇందుకేనా అని. పొట్టలో ఖాళీ ఉంటే చలి దూరుతుందని రోజూ మొత్తుకున్నాను, శాలువా తెచ్చి కప్పింది, అంటోంది."

అన్న నా వంక చూసి "అయ్యో చెల్లె" అన్నాడు, అంతే. నేను పమిట సర్దుకుంటున్నట్టు అటు తిరిగినాను. మామా మళ్లీ ఏదో గట్టిగా అనింది. బాబా నిట్టూర్చి, ఆ క్యాన్లను, నన్ను, ట్రాక్టరును వరసగా చూసి, "ఇద్దరిదీ ఒకటే జబ్బంట. ముందు ఇద్దరికీ కడుపు నింపమంటోంది. రేపు మధ్యాహ్నం నమాజు దాకా టైము ఇస్తున్నా" అని పోయినాడు.

ఆ పూట నాకు నిండా పళ్లెం అన్నం పెట్టి, మామా ఎదురుగా కూర్చుంది, అయిపోయేదాకా లేవలేదు. తర్వాత అన్న ట్యాంకి అంతా వంచి దింపి, ఫిల్టర్లు మార్చి, ఒక క్యానులోంచి కొంచెం డీజిల్‌తో లోపల పుక్కిలించినట్టు కడిగి, మిగతాది నా చేతనే పోయించినాడు. "మెడ దాక చెల్లె, మెడ దాక. చుక్క గూడ దాసుకోకు" అని ఎగతాళి. పొద్దు పోయిందని అప్పటికి ఆపినాం. మర్నాడు ఇంజను పైపుల్లో గాలి తీయాలన్నాడు. పక్కన చిన్న మీట ఒకటి ఉంది, దాన్ని నొక్కుతూ పోవాల, డీజిల్‌లో బుడగలు ఆగిందాకా. ఆయన పైన మరలు విప్పుతాడు, కింద ఎవరైనా నొక్కాల.

"దేంతో నొక్కాలన్నా?"

"ఇంక దేనితోని? బొటనవేలుతోని" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

నొక్కినాను. వంద లెక్కపెట్టినాను, ఇంకో వంద లెక్కపెట్టినాను. "బుడగలు పోయినాయాన్నా?" "ఇంక వస్తానయ్, కొట్టు." వేలు బొబ్బ ఎక్కింది, బొబ్బ పగిలింది. నేను ఆపలేదు. మధ్యాహ్నం దగ్గర పడింది. బాబా వచ్చి గోడకు ఆనుకుని గడియారం చూసుకుంటున్నాడు. మామా మళ్లీ కాఫీ పళ్లెంతో వచ్చి కూర్చుంది. అన్న ఎక్కి, కళ్లు మూసుకుని, "బిడ్డా, పరువు తియ్యకురా" అని తాళం తిప్పినాడు.

గర్ గర్ అంది, ఢామ్మంది, పైనుంచి ఏదో తుపాకీ గుండులాగా లేచి షెడ్డు కప్పుకు కొట్టుకుని, గిరగిరా తిరిగి వచ్చి సరిగ్గా ఖర్జూరాల పళ్లెంలో పడింది. నా పాలపొడి డబ్బా. ముందు రోజు సాయంత్రం, ఇంకెప్పుడూ అజాగ్రత్త చేయకూడదని ఒట్టు పెట్టుకుని, నేనే పోయి పొగగొట్టం మీద మళ్లీ బోర్లించి వచ్చినాను. ఎవరికీ చెప్పలేదు. మామా ఆ డబ్బాను చూసి, నన్ను చూసి, నోట్లో ఉన్న రెండు పళ్లూ కనబడేట్టు నవ్వింది. ట్రాక్టరు మాత్రం ఆగలేదు. నల్లపొగ, తర్వాత సన్నని నీలంపొగ, తర్వాత డగ డగ డగ డగ. అన్న స్టీరింగు మీద తల ఆనించి అట్లనే ఉండిపోయినాడు. బాబా ఖర్జూరం ఒకటి తీసి, డీజిల్ మసి ఊది నోట్లో వేసుకుని, "ఖల్లాస్" అన్నాడు. ఈసారి ఆ మాటకు, గొడవ అయిపోయింది అని అర్థం.

అన్న ఆ తోటలో ఇంకా ఆరేళ్లు ఉన్నాడు. నేను నాలుగేళ్లకు వచ్చేసినాను. తర్వాతి చలికాలాల్లో ట్యాంకి నింపే పని నాదే, పొంగి పొర్లిందాకా పోసేదాన్ని, అన్న "చాలు చెల్లె, నేల తాగుతాంది" అని మొత్తుకునేవాడు. ఆ బొంతను వచ్చేటప్పుడు తెచ్చుకోవాలనిపించింది. కానీ చలి ఇంకా ఒక నెల ఉంది, వదిలి వచ్చినాను.

నా పిసినారితనం పోయిందని చెప్పను. సబ్బు ఇప్పటికీ ముక్కలు కోస్తాను. అయితే చలికాలంలో మా ఇంట్లో అన్నం నేనే వడ్డిస్తాను, ఎవరినీ గరిటె ముట్టనివ్వను. పిల్లలు "జేజీ చాలు, జేజీ చాలు" అని అరుస్తారు, పని పాట లేకుండా పొద్దంతా టీవీ ముందు కూర్చున్నవాళ్లకు కూడా ఇంకో గరిటె వేస్తాను. పిసినారి జేజికి చలికాలం వస్తే ఏం పూనుతుందో అని వాళ్లు గుసగుసలాడుకుంటారు. నాకప్పుడు ఆ షెడ్డు గుర్తొస్తుంది. పసుప్పచ్చ పూల చీర కప్పుకున్న ఒక ట్రాక్టరు, దాని టైరుకు ఆనుకుని పప్పులో రాళ్లు ఏరుకుంటూ ఇరవై ఆరేళ్ల పిల్ల, ఇద్దరి కడుపులూ సగం ఖాళీ, ఇద్దరికీ లోపల చెమట పడుతున్నా బయటికి చెప్పని మొండితనం. ఆ పిల్ల చాలా తెలివైనదాన్నని అనుకుంటూ ఉంటుంది. దగ్గరికి పోయి దాని ముందు ఒక పళ్లెం పెట్టి, "తిను తిను" అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. లేచిపోయి నాకొక శాలువా తెస్తుంది.